పదమూడుతో పోయిన సంఖ్య

కాస్త దగ్గరికి జరగండి. లెక్కల కథే, భయపడకండి.

జిన్నారం రుచితకు లెక్కలంటే ప్రాణం. పటాన్‌చెరులో ఉచితంగా లెక్కలు నేర్పే రామలింగేశ్వరరావు సార్ దగ్గర ఒక్కటే సీటు మిగిలింది. దానికోసం ఆయన రుచితకు ఒక కవరు పంపాడు. లోపల చీటీ మీద ఒకే ఒక పెద్ద సంఖ్య. అది ప్రధాన సంఖ్య అవునో కాదో పది గంటలకు వచ్చి చెప్పాలి. తొమ్మిదికి ముందు కవరు విప్పకూడదు.

ప్రధాన సంఖ్య అంటే ఒకటితోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోనిది. కాస్త పొగరుబోతు సంఖ్య.

తీరా తొమ్మిదికి బస్సులో బ్యాగు వెతికితే కవరు లేదు. రుచిత ఇంటికి ఫోన్ చేసింది.

"నాయనమ్మా, టీవీ పక్కన కవరున్నది. జల్దీ చింపు. ఒక్కొక్క అంకె చెప్పు."

"ఉండు బిడ్డా, అద్దాలు పెట్టుకోనీ."

నాయనమ్మ సోమమ్మ రెండో తరగతి దాకే చదివింది. అంకెలు మాత్రం బాగా వచ్చు. ఆమె ఆగి ఆగి చెబుతుంటే, లారీల హారన్ల మధ్య రుచిత నోటుబుక్కులో రాసుకుంది: 100061.

"అయ్యిందా? మంచిగ చెయ్యి. నవ్వుకుంట ఇంటికి రా."

రుచిత పని మొదలుపెట్టింది. బేసి సంఖ్య, రెండుతో పోదు. అంకెలు కూడితే ఎనిమిది, మూడుతో పోదు. ఐదుతో పోదు. దాని తర్వాతి ప్రధాన సంఖ్యతోనూ పోలేదు. పదకొండుతోనూ పోలేదు. పదమూడుతో మాత్రం నిమ్మళంగా, ఏమీ మిగల్చకుండా పోయింది.

పదింటికి సార్ ముందు నిలబడింది.

"ప్రధాన సంఖ్య కాదు సార్. పదమూడుతో పోతది."

"పోదమ్మా. పది మిగులుతుంది."

"మిగలదు సార్, చూడుండ్రి."

సార్ ఆమె నోటుబుక్కు చూశాడు. తన రిజిస్టరు చూశాడు.

"భాగహారం బ్రహ్మాండంగా ఉంది. సంఖ్యే నాది కాదు. నీకిచ్చింది 10007. అది ప్రధాన సంఖ్య. కష్టమని మార్చేశావా?"

"అమ్మతోడు సార్! మా నాయనమ్మ గిదే చెప్పింది."

"తప్పు నువ్వు చేసి పెద్దావిడ మీదికి తోస్తావా? మార్చి రాసేవాళ్లకు నా దగ్గర సీటు లేదు."

రుచిత ఫోన్‌లో ఆ ముక్క చెప్పగానే సోమమ్మ చీటీ పట్టుకొని ఆటోలో దిగింది.

"ఏంది సారూ, పొల్లను గింత పరేషాన్ చేస్తున్నరు? నేను చూసిందే చెప్పిన."

సార్ చీటీ తీసుకున్నాడు. 10007. అంకెలు ఐదే.

"చీటీలో ఉన్నవి ఐదంకెలు. అమ్మాయి రాసింది ఆరు. ఈ చివరి అంకెను ఏమని చెప్పారు పెద్దమ్మగారూ?"

సోమమ్మ జవాబు చెప్పింది. సార్ పెన్ను తీసి, సీటు రుచిత పేరున రాశాడు. ఆ జవాబు మీరూ గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకు చెప్పండి, కానీ ఇట్లాగే ఆఖరిదాకా దాచి చెప్పండి:

"పరీక్షకు పోయే పొల్లతోని 'ఏడు' అని నా నోటితో ఎట్ల అనాలె సారూ? ఆరున్నొకటి అన్న."