తప్పుల దండోరా

జగన్నాథం కూతురు నళిని సాయంత్రం నుంచి కనిపించడం లేదు.

లాడ్ బజార్ వెనక గల్లీలో ఆ పూట పొయ్యిలు వెలగలేదు. ఆడవాళ్లు తల్లి కోమలవల్లి చుట్టూ చేరారు. మగవాళ్లు లాంతర్లు పట్టుకుని తలో దిక్కుకూ పోయారు.

పెత్తనం మాత్రం సదాశివది. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. అందుకని గల్లీలో ఎవరింటి పనైనా ఆయన పనే. అఫ్జల్‌గంజ్ నుంచి దండోరా వేసే ఈశ్వరయ్యను పిలిపించాడు.

"ఏడేండ్ల పిల్ల. పచ్చ గౌను. గట్టిగ చెప్పాలె, సమజైందా?"

ఈశ్వరయ్య తలూపాడు. మూసీ అవతలి గల్లీలన్నీ తిరిగి, బాగా పొద్దుపోయాక మళ్లీ వచ్చాడు.

"లాడ్ బజార్ జగన్నాథం బిడ్డ తప్పిపోయిందహో! ఏడేండ్ల పిల్ల, పచ్చ గౌను!"

డప్పు ఇంకోసారి మోగింది.

"నాలుగేండ్ల పిల్ల తప్పిపోయిందహో! ఎర్ర లంగా, గదుమ మీద మచ్చ!"

సదాశివకు ఒళ్లు మండింది.

"ఏందయ్యా గిది? తాగొచ్చినవా?"

"లేదు బాపు, తాగలే."

"మరి ఎర్ర లంగా ఏంది? గిట్ల తప్పులు చెప్తె పిల్ల దొరుకుతదా? నడువ్!"

ఈశ్వరయ్య ఏదో చెప్పబోయాడు. అరుగుల మీదివాళ్లంతా లేచి కసిరారు. అతను డప్పు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తెల్లవారింది. పూలమ్ముకునే ఆగమ్మ నళిని చెయ్యి పట్టుకుని గల్లీలోకి వచ్చింది.

"అఫ్జల్‌గంజ్‌ల ఏడ్సుకుంట కూసుంది. దండోరా ఇన్న. రాత్రి కండ్లు కానరాక గిప్పుడు తోలుకొచ్చిన."

కోమలవల్లి పిల్లను వాటేసుకుని బావురుమంది. కాసేపటికి ఎవరిళ్లకు వాళ్లు పోయారు. సదాశివతో ఇక ఎవరికీ పని లేదు. ఆయనకు సిగ్గేసింది.

"అవ్వా, ఆ ఈశ్వరయ్య ఏడుంటడు? ఊరికెనే తిట్టిన మనిషిని."

"మా పక్క గుడిసెలనే ఉండెటోడు. తెల్లారక ముందే రైలెక్కిండు. పట్నంల గల్లీలన్ని అయిపోయినయంట, మీదే ఆఖరుదంట. ఇగ ఓరుగల్లు తిరుగుతడంట."

"దండోరాకు అంత దూరమెందుకు?"

ఆగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తొమ్మిదేండ్ల కింద బోనాల జాతరల ఆయన బిడ్డ తప్పిపోయింది బాపు. గిప్పుడు పదమూడేండ్లుంటయి, ఆయన నోట్లె మాత్రం ఇంక నాలుగే. మగ్గం నేసుకునేటోడు, ఆ పిల్లను పిలుసుకుంట తిరగనీకెనే డప్పు పట్టిండు."