తుప్పు పట్టించే విద్య

"ఇది ట్యాంకు లెక్క లేదు. పెండ్లికి పోయే జీపు లెక్క ఉన్నది," అన్నాడు మదన్‌మోహన్, జానెడు ప్లాస్టిక్ ట్యాంకును వెలుతురులో తిప్పి చూస్తూ.

ఇంద్రసేన ముఖం చిన్నబోయింది. "మూడు దినాలు కూసుని ఏసిన, ఉస్తాద్. అద్దం లెక్క మెరుస్తలేదా?"

"మెరుస్తున్నది. అదే తప్పు. లడాయి చేసిన ట్యాంకు ఎక్కడన్న మెరుస్తదా? రంగేసుడు ఎవనికైనా వస్తది. ఏసినదాన్ని పాతగ చేసుడే విద్య."

మదన్‌మోహన్ సికింద్రాబాద్ మిలిటరీ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లు పనిచేసి, 1981లో పింఛనుతో జహీరాబాద్ చేరాడు. వస్తూ వస్తూ ఒక అధికారి ఇచ్చిన తొమ్మిది బొమ్మ ట్యాంకులు అట్టపెట్టెల్లో తెచ్చుకున్నాడు. విడిభాగాలు అతికించడం, రంగులేయడం, ఆ తర్వాత వాటికి మసి, బురద, తుప్పు పట్టించడం ఆయన కాలక్షేపం. పాత లారీకి రంగేసి కొత్తదని అమ్మేవాళ్లంటే ఊళ్లో గౌరవమే. కొత్తదాన్ని చేతులారా పాతది చేసే ఈయన్ను మాత్రం చాటుగా 'బొమ్మల మిలిటరీ' అనేవారు. ఏళ్లు గడిచినా ఒక్క శిష్యుడూ దొరకలేదు. చివరికి దొరికినవాడు ఇంద్రసేన కావడం అందరికీ వింతే.

ఎందుకంటే ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. మొగుడంపల్లి దారిలో ఇద్దరి పొలాలూ పక్కపక్కనే. మధ్యలో అరెకరం చెక్క, అందులో ఒక బావి. తాతల కాలంలో హద్దురాయి ఉండేదంటారు. అది ఎక్కడ ఉండేదో చెప్పగలిగినవాళ్లు పోయారు, కాగితాలను చెదలు తిన్నాయి. మదన్‌మోహన్ అల్లం తోట ఆ బావి నీళ్ల మీదే బతుకుతోంది. బావి పోతే తోట పోయినట్టే.

అలాంటిది, ఉగాది వెళ్లిన వారానికి ఇంద్రసేన తనంతట తానే గడప తొక్కాడు. "హద్దు పంచాయితి సర్వేయర్ తెంపుతడు, మనకెందుకు ఫికర్? నాకు జర గీ ట్యాంకు పని నేర్పుండ్రి," అన్నాడు. మదన్‌మోహన్‌కు కళ్లు చెమర్చాయి.

ఆయన భార్య బాలమణికి చెమర్చలేదు. "రేపో ఎల్లుండో బావి ఇడిసిపెట్టుమని అడుగుతడు, సూస్తుండుండ్రి," అంది.

రెండు నెలలైనా ఇంద్రసేన బావి మాట ఎత్తలేదు. రోజూ సాయంత్రం వచ్చేవాడు. వాకిట్లో చాప మీద కూర్చుని, పల్చటి నల్లరంగు మూలల్లోకి పారించి గుడ్డతో తుడిచేవాడు. స్పంజి ముక్క ముంచి అంచుల్లో రంగు రాలినట్టు అద్దేవాడు. మొదట్లో ఉత్సాహం కొద్దీ ఎర్రమన్ను, జిగురు కలిపి ట్యాంకు నెత్తిదాకా పూశాడు.

"ఇది ట్యాంకా, మడుగుల పొర్లిన బర్రెనా?" అని అడిగాడు మదన్‌మోహన్. "బురద కింద ఉంటది. ఎండ పైన తగుల్తది. వాన నీళ్లు ఎటు జారుతయో మరక గటే దిగాలె. అంతటా ఒక్క తీరు పూస్తివా, దొంగతనం దొరికిపోతది."

ఇంద్రసేన ఆ మాటలన్నీ నోటుబుక్కులో రాసుకునేవాడు.

మూడో ట్యాంకు తెచ్చిననాడు మదన్‌మోహన్ దాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాడు. నలభై ఏళ్లు ఏ కాలువగట్టునో పడి ఉన్నట్టుంది. దాన్ని తన ట్యాంకుల పక్కనే అల్మారాలో పెట్టాడు. "మనిషి మారిండే," అన్నాడు రాత్రి అన్నం తింటూ. బాలమణి కూడా ఆలోచనలో పడింది. మర్నాటి నుంచి ఇంద్రసేనకు చాయ్‌తో పాటు సర్వపిండి కూడా పెట్టింది.

జూన్‌లో సర్వేయర్ వచ్చాడు. అంతకు ముందురోజే ఇంద్రసేన మనుషులు తుమ్మపొద నరుకుతుంటే హద్దురాయి బయటపడిందట. బావికి ఇవతల, మదన్‌మోహన్ పొలం వైపు. ఆ లెక్కన బావి ఇంద్రసేనదవుతుంది.

సర్వేయర్‌కు ఎండ పడదు, ఆకలి ఆగదు. కొలత గొలుసు విప్పకుండానే, "ఈ రాయి పాతదేనా? చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు.

"మా ఉస్తాద్‌ను మించి ఎవరున్నరు సాబ్?" అన్నాడు ఇంద్రసేన చేతులు కట్టుకుని. "ఆయన కొత్తదంటె కొత్తదే. నేను మారు మాట్లాడ."

పదిమందిలో తన విద్యకు దక్కిన మొదటి గౌరవం అది. మదన్‌మోహన్ కళ్లద్దాలు సవరించుకుని రాయి ముందు మోకరిల్లాడు. మరకలు నీళ్లు జారిన దారినే దిగాయి. అడుగున తేమ రంగు, నెత్తిన ఎండ తెలుపు. పశువులు ఒరుసుకునే ఎత్తులో అంచులు అరిగాయి.

"కొత్తదని చెప్పుండ్రి," అంది బాలమణి వెనకనుంచి, ఆయనకొక్కడికే వినబడేలా.

ఒక్క మాట చాలు, అల్లం తోట నిలుస్తుంది. కానీ తెలిసిన విద్య దగ్గర అబద్ధమాడటం ఆయనకు చేతకాలేదు.

"నలభై ఏండ్లకు తక్కువ లేదు," అన్నాడు.

సర్వేయర్ పంచనామా రాసి సంతకం పెట్టించుకున్నాడు. బాలమణి వెనక్కి చూడకుండా రోడ్డు వైపు నడిచింది. సర్వేయర్ స్కూటరు కనుమరుగయ్యాక మదన్‌మోహన్ బావిగట్టు మీద కూలబడ్డాడు. బావి పోయినందుకు ఏడుపొస్తోంది. నిజం చెప్పినందుకు మాత్రం మనసు తేలిగ్గానే ఉంది.

ఇంద్రసేన వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. పక్కనే కూర్చుని, చంకలోని నోటుబుక్కు తీసి, పెన్సిలు ఆయన చేతికిచ్చాడు.

"ఈ రాయికి ఎన్ని మార్కులేస్తరు, ఉస్తాద్?"