ఎర్ర గుర్తు పడ్డ ఆర్డరు

"మళ్లీ ఎర్ర గుర్తు పడింది," అన్నాడు హార్డ్‌వేర్ షాపాయన, ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని.

"అయ్యో! ఈసారేమైంది?" అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

"కార్డు మీద మగాయన పేరు. సరుకు తెప్పించుకునేది ఆడమనిషి. ఎందుకైనా మంచిది, సరిచూసుకోమంటోంది పేమెంట్ కంపెనీ."

కిందటి నెల ఎవడో దొంగ కార్డుతో డ్రిల్లింగ్ మిషను కొనేశాడు. సరుకూ పోయింది, వచ్చిన డబ్బూ వెనక్కి పోయింది. ఇంకోసారి ఇలా జరిగితే మీ ఆన్‌లైన్ చెల్లింపులు ఆపేస్తామని కంపెనీ రాసింది. అవి ఆగితే షాపు మూసుకోవడమే. అప్పట్నుంచి పేమెంటు ఖాయమయ్యేదాకా ఆయన సరుకు పేరైనా చదవడం లేదు. చెయ్యి కాలినవాడి భయం మరి!

ముందు ఆర్డరిచ్చినామెకి ఫోను చేశాడు.

"కార్డు మా ఆయనదేనండీ, ఒట్టు," అంది ఆమె, గొంతు బాగా తగ్గించి.

"అయితే ఆయన చేత ఒక్క మాట చెప్పించండమ్మా."

"వద్దండీ! ఆయనకి చెప్పకండి. నా చేతిలో చిల్లిగవ్వ లేదు. సరుకు ఇవాళే కావాలి. మీకు దణ్ణం పెడతాను."

షాపాయన ఫోను పెట్టేశాడు. "తప్పు చెయ్యకపోతే దాపరికం దేనికి?"

"పాపం, ఏడుస్తున్నట్టుందండీ," అంది భార్య.

"జాలిపడి దొంగ చేతికి తాళాలివ్వమంటావా?"

కార్డు వివరాల్లో ఉన్న ఫోను నంబరుకి చేశాడు. విషయమంతా చెప్పాడు. అవతలాయన మహా మర్యాదస్తుడు.

"మంచి పని చేశారండీ. ఆవిడ నా భార్యే. ఎక్కడికి పంపమంది?"

షాపాయన అడ్రసు చదివాడు. అవతలాయన ఇంటి నంబరు రెండోసారి చెప్పించుకున్నాడు.

"ఆఁ, అక్కడికే. నిశ్చింతగా పంపించెయ్యండి," అని పెట్టేశాడు.

షాపాయనకి ప్రాణం లేచొచ్చింది. "చూశావా? మొగుడూ పెళ్లాల మధ్య ఏదో అలక! దీనికి మనం హడలి చచ్చాం."

"సర్లెండి, ఆలస్యమవుతోంది. ఏం పెట్టాలో చెప్పండి."

ఆయన ఆర్డరు కింది దాకా జరిపి చదివాడు.

ఒకే తలుపుకి, లోపలివైపు వేసుకునే పెద్ద గడియలు నాలుగు.