నిండుగా ఉన్న గేజు

బండిలో జనాన్ని మేడారం జాతరకు చేర్చే ట్రిప్పుల కోసం నా కొడుకుకు నాలుగు రోజుల బట్టలు సర్ది, వాటి కింద ఇంజిన్ ఆయిల్ డబ్బా పెట్టాను. భానుచందర్ చూడనే చూశాడు.

"బట్టల కింద ఇదెందుకమ్మా?"

"తొవ్వల అక్కెరకొస్తది, పెట్టుకపో బిడ్డా."

"నా బండి చుక్క తాగదు. రెండు లక్షల నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండి, రోజూ పొద్దుగాల ఆయిల్ గేజు చూడు, తగ్గితే వాల్వ్ సీళ్లు పోయినట్టేనని మజరన్న చెప్పిండు. కొన్న నెలసంది చూస్తాన. నిండుగనే ఉంటాంది. ఉత్తగనే భయపెట్టిండు మెకానిక్."



"తాగుతాంది. నువ్వు లేవకముందు రోజూ చాయ్ గ్లాసెడు నేనే పోస్తాన."

వాడు నవ్వబోయి ఆగాడు. "మరి నాకెందుకు చెప్పలే?"

"ముసల్దానికి అన్నిటికి ఫికరేనని నవ్వుతవని."

వాడు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"నాయిన జీపు గూడ చుక్క తాగదని అందరు చెప్పేటోళ్లు," అన్నాడు మెల్లగా.

"దానికి గూడ నేనే పోస్తుంటి."

వాడు బట్టలు బయటికి తీసి, మజర్‌కు ఫోన్ చేసి, సీళ్లు మార్చేదాకా బండి కదలదన్నాడు.

ఆ జీపు జాతర ట్రిప్పుల మూడో రోజు అడవిలో, పోయడానికి నేను పక్కన లేక ఆయిల్ అయిపోయి, ఇంజిన్ పట్టేసి ఆగింది. వెనక నుంచి లారీ గుద్దింది. నా భర్త మొండయ్య తిరిగి రాలేదు. అది 1998 జాతర.