రెండు వైపుల చప్పట్లు

“అయ్యా, కాసేపు చప్పట్లు ఆపుతారా?”

నవ్వుల క్లబ్బు వాళ్లతో చప్పట్లు కొట్టిస్తున్న మాస్టారు వెనక్కి తిరిగారు.

రన్నింగ్ బూట్లు వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. చూపు లేదని తెలుస్తూనే ఉంది.

“ఎందుకమ్మా?”

“లాంగ్ జంప్ ప్రాక్టీసండీ. ఇసుక అవతల నిలబడి మా అన్నయ్య చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు పట్టుకునే పరిగెత్తి దూకుతాను. మీవి కూడా వినిపిస్తే దారి తప్పుతాను. వచ్చే వారమే పోటీ.”

మాస్టారికి ఒళ్లు మండింది.

చూపు పోయిన దగ్గర్నుంచీ కూతురు గది దాటి రావడం లేదు. ఆ దిగులు కాసేపు మరిచిపోదామనే ఆయన మైదానంలో ఈ నవ్వుల క్లబ్బు పెట్టుకున్నారు. ఇక్కడా అదేనా?

“మైదానం నీ ఒక్కదానిదే కాదు. చూపు లేనప్పుడు ఇంటిపట్టున ఉండొచ్చుగా?”

“ఇంట్లో దూకితే మా వదిన ఊరుకోదండీ,” అని నవ్విందావిడ. “ఒక్క నిమిషం చాలు.”

నవ్వుల క్లబ్బులో ఎవరూ నవ్వలేదు.

ఆవిడ వెళ్లి నిలబడింది. అన్నయ్య చప్పట్లు మొదలుపెట్టాడు. ఆవిడ పరుగు అందుకుంది.

మాస్టారు చేతులెత్తారు. “మనమూ కానిద్దాం. గట్టిగా.”

అందరూ కొట్టారు. ఆవిడ పరుగు పక్కకు మళ్లింది.

“ఆగు!” అని అన్నయ్య అరిచిన అరుపు ఆ చప్పట్లలో కలిసిపోయింది.

సిమెంటు గట్టుకు తగిలి ఆవిడ మోకాలు చితికింది.

అన్నయ్య చెల్లెల్ని ఎత్తుకుపోయాడు.

“చెబితే వినాలిగా,” అన్నారు మాస్టారు. ఎవరూ ఆయన మొహం చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి కూతురు హాల్లో ఉంది. ఎన్నాళ్లకో గది దాటింది. పాత బూట్లు తడుముకుంటూ లేసులు కట్టుకుంటోంది.

ఆయనకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

“ఎక్కడికి తల్లీ?”

“రేపట్నుంచి నీతో మైదానానికి నాన్నా. రోజూ ఫోన్‌లో ఒక పుస్తకం వింటున్నానుగా, అది రాసినావిడకీ నాలాగే చూపు లేదు. దాని చివర్లో చెప్పారు, పొద్దున్నే మన మైదానానికే వస్తారట. ఆవిడ చేసేది నేనూ నేర్చుకుంటాను.”

“ఏం చేస్తారమ్మా ఆవిడ?”

కూతురు లేచి, చెయ్యి చాచి ఆయన అరచెయ్యి వెతికి పట్టుకుంది.

“దూకుతారు నాన్నా. వాళ్ల అన్నయ్య ఇసుక అవతల నిలబడి చప్పట్లు కొడతారట, నాకు నువ్వు కొడుదువుగాని.”