కర్నల్ గారికి పెట్టిన బొట్టు

1984లో శాంటా క్లారాలోని ఒక గరాజుకు రష్యా సామ్రాజ్యపు కర్నల్ ఒకరు వేంచేశారు. గుండెలనిండా పతకాలు, చేతులకు తెల్లని తొడుగులు, ఒళ్ళంతా పందొమ్మిదో శతాబ్దపు తైలవర్ణాలు. పాత చిత్రాలను శుభ్రం చేసే జయంతి మర్నాడు ఆయనను యజమానురాలికి క్షేమంగా అప్పగించాలి. చిన్న మరక పడినా ఇక ఆమెకు పని ఇచ్చేవారుండరు.

ఆ రాత్రి అత్తగారు అనంతలక్ష్మి తృప్తిగా చెప్పింది. "ఎవరి తాతగారో పాపం, బోసి నుదురుతో ఉన్నారు. ఇందాక కుంకుమ పెట్టానమ్మా."

"అయ్యో అత్తయ్యా! అది క్లయింట్‌ది!"

గరాజులో బల్బు మాడిపోయింది. జయంతి దూది, టార్చి పట్టుకుని పరుగెత్తింది. అత్తగారు వెనకే వచ్చింది. కర్నల్ గారి నుదురు నిర్మలంగా ఉంది. ఎరుపంతా ఆయన కుడిచేతి తొడుగు వేళ్ళకు అంటి ఉంది. జయంతి దూదితో ఎంత రుద్దినా దూది తెల్లగానే మిగిలింది. ఆ ఎరుపు పైపూత వార్నిష్‌కు అడుగున, చిత్రంలోనే ఉంది.

"మీరు తుడిచారా అత్తయ్యా?"

"పెట్టిన బొట్టు నేనెందుకు తుడుస్తానే? బొట్టు పెట్టి మరీ భోజనానికి పిలిచాను!"

ఎవరూ లేని ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎంతో మర్యాదగా జరిగింది. జయంతి చేతిలోని టార్చి అటు తిరిగింది.

"వడ్డించమంటావా?" అత్తగారు గుసగుసగా అడిగింది.

రేపు అప్పగించవలసిన చిత్రంవైపు టార్చిని మళ్ళీ తిప్పడానికి జయంతికి చెయ్యి రాలేదు.