పెళ్లినాటి వాల్‌నట్ పెట్టె

"పెట్టె కాలు విరిగితే విరిగింది, అలాగే ఉండనీ కెండ్రా" అన్నాడు వర్లిన్, నాలుగోసారి.

కెండ్రా వింటే కదా. తాత దగ్గరే ఉలి పట్టడం నేర్చుకుని ఇప్పుడు తాతకే పాఠాలు చెబుతోంది మనవరాలు. కిటికీ పక్కనున్న పెళ్లినాటి పెట్టెను ఒక్క చేత్తో ఓరగా ఎత్తింది.

"ఇంత తేలికేంటి తాతా? నల్ల వాల్‌నట్ చెక్క అయితే ఈపాటికి నా నడుం పట్టెయ్యాలిగా."

"పాతదిగా, ఎండిపోయింది."

"ఎండితే మాత్రం మరీ ఇంతా?"

తాత ఆపేలోగానే విరిగిన కాలి పైమూలను ఉలితో చెక్కి, లేచిన పేడును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాల్‌నట్‌ని చెక్కితే ఘాటు వాసన రావాలి. లోపలంతా చాక్లెట్ రంగుండాలి. ఇదేమో లేతాకుపచ్చ. పాప్లర్ కదూ ఇది? సరుకుల డబ్బాలు చేసే చవక చెక్క."

వర్లిన్ గబగబా వెళ్లి పెరటి తలుపు వేశాడు. బయట భార్య ఒలీటా వాల్‌నట్ కాయలు ఒలుస్తోంది. అక్టోబరొస్తే తొక్కల రసానికి ఆవిడ చేతులు మోచేతుల దాకా నలుపే. ఏటా ఈ రోజుల్లో, అడ్డమంటూ మొగుణ్ణి వేటకు తరిమేస్తుంది. ఈసారి మోకాలి నొప్పితో ఆయన ఇల్లు కదల్లేదు.

"మెల్లిగా మాట్లాడవే. మీ నానమ్మకి తెలీదు."

"నలభై ఒక్క ఏళ్లుగానా?"

"వాళ్ల నాన్నది రంపపు మిల్లు. ఇంట్లో గరిటె నుంచి మంచం దాకా వాల్‌నట్టే. నేనక్కడ దుంగలు మోసేవాణ్ణి. పెళ్లికి ఇంకేది ఇచ్చినా చిన్నతనం కదా. వాల్‌నట్ కొనే స్తోమత లేక పాప్లర్‌తో చేసి, వాల్‌నట్ తొక్కల రసం ఉడకబెట్టి పూశాను." ఆయన మూసిన తలుపు వైపు చూశాడు. "వచ్చిన ప్రతి చుట్టానికీ 'మా ఆయన వాల్‌నట్‌తో చేశాడు' అని చూపిస్తుంది. నాకేమో తల కొట్టేసినట్టుంటుంది. ఈ వయసులో తెలిస్తే ఇక నన్ను నమ్ముతుందా?"

కెండ్రాకు తాత మీద జాలేసింది.

"నేను చెప్పనులే. కానీ తాతా, ఎండ తగిలితే అసలు వాల్‌నట్టే వెలిసిపోతుంది. కిటికీ పక్కన ఇన్నేళ్లున్నా ఇది కొత్తగా ఉందేంటి?"

"నేను కాచిన రంగు అలాంటిది మరి" అన్నాడు వర్లిన్. అంత దిగుల్లోనూ కాస్త గర్వపడ్డాడు.

అంతలో తలుపు తెరుచుకుంది. తొక్కల రసంతో తడిసిన గుడ్డ చేతిలో పట్టుకుని ఒలీటా లోపలికొచ్చింది. చెక్కిన మూలలో ఆకుపచ్చ మచ్చ ఆవిడ కంట్లో పడనే పడింది.

"ఒలీటా, నీకో సంగతి చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది" అన్నాడు వర్లిన్.

ఆవిడ మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో గుడ్డతో ఆ మచ్చను రుద్దింది. చెక్క నల్లబడింది. తల వంచి చూసుకుని, మళ్లీ రుద్దింది.

"ఎండంతా ఇక్కడే పడుతుందమ్మా" అంది కెండ్రాతో. "ఈ మూలకి ఏటా రెండు పూతలు పడతాయి."